ఒకవైపు మసకగా ఉన్నంత మాత్రాన నాణెం చెల్లకుండా పోదు

సంపాదకులు గారికి నమస్కారములు.

గజపతి జిల్లా కేంద్రమైన మా పర్లాకిమిడిలోనూ, రాష్ట్ర సరిహద్దు దాటగానే వచ్చే పాతపట్నంలోనూ కూరగాయల కొట్టు మొదలుకొని ఆటో దాకా ఎక్కడ చూసినా పది రూపాయల నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూడటం, ఒకవైపు అక్షరాలో సింహాలో కాస్త మసకగా కనిపిస్తే "ఇది చెల్లదు, నోటు ఇవ్వండి" అని వెనక్కి నెట్టడం కొన్నేళ్లుగా అలవాటైపోయింది. మరోపక్క అలాంటి మసక నాణేన్నే ఫొటో తీసి, టంకశాలలో అచ్చు తప్పిన అరుదైన నాణెమని చెప్పి వేల రూపాయలకు అమ్మజూపే ప్రకటనలు అందరి ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. ఒకరు దానిని దొంగ నాణెమంటే మరొకరు నిధి అంటున్నారు. పాత నాణేలు సేకరించే అలవాటు ఉన్నవాడిగా నేను చెప్పదలచినది ఒక్కటే. నాణెం ఒకవైపు బలహీనంగా కనిపించడానికి కారణం చాలా సందర్భాల్లో అది అచ్చుపడిన క్షణంలోనే ఉంటుంది. ఆ కారణాన్ని నాణెం మీదే చదువుకోవచ్చు. చదవగలిగినవారు దానిని తిరస్కరించనూ అక్కరలేదు, దాని కోసం డబ్బు పోగొట్టుకోనూ అక్కరలేదు.

నాణేన్ని లోహం కరిగించి మూసలో పోసి చేస్తారని మనలో చాలామంది అనుకుంటాం. నేటి నాణెం అలా తయారు కాదు. లోహపు రేకును కావలసిన మందానికి సాగదీసి, దానిలోంచి గుండ్రటి బిళ్లలు కత్తిరించి, వాటిని కొలిమిలో కాల్చి మెత్తబరచి, అంచు కొద్దిగా పైకి లేచేటట్లు ఒత్తుతారు. ఆ తరువాత చల్లారిన బిళ్లను ఉక్కుతో చేసిన రెండు అచ్చుల, అంటే డైల మధ్య, చుట్టూ ఒక ఉక్కు కట్టు బిగించి, యంత్రంతో ఒక్క దెబ్బ కొడతారు. నాణెం మీద ఉబ్బుగా కనిపించే ప్రతి గీతా డై మీద గుంటగా చెక్కి ఉంటుంది. దెబ్బ పడిన ఆ లిప్తలో ఘనరూపంలో ఉన్న లోహమే ఒత్తిడికి పాకి ఆ గుంటల్లోకి చేరాలి. చుట్టూ కట్టు ఉంది కాబట్టి అది పక్కకు పోలేదు, పైకీ కిందికీ మాత్రమే పోగలదు. బిళ్లలో ఉన్న లోహం ఎంతో అంతే. ఒకవైపు లోతైన గుంట ఎక్కువ లోహాన్ని లాగేసుకుంటే, సరిగ్గా దాని వెనక ఉన్న గుంట నిండటానికి లోహం మిగలదు.

చలిమిడి ముద్దను చెక్కిన రెండు చెక్క అచ్చుల మధ్య పెట్టి నొక్కితే, ఒక అచ్చులో లోతైన చిలుక బొమ్మ, రెండో అచ్చులో సరిగ్గా అదే చోట సన్నని పువ్వు చెక్కి ఉన్నప్పుడు, చిలుక నిండుగా వచ్చి పువ్వు రేకులు తెగిపోయి వస్తాయి. అక్కడ నొక్కినవారి తప్పేమీ లేదు, పిండిలోనూ లోపం లేదు. నాణెం విషయంలోనూ జరిగేది ఇదే. అందువల్ల మసకగా ఉన్న చోటు కనిపించినప్పుడు చూడవలసింది ఆ చోటును మాత్రమే కాదు, సరిగ్గా దాని వెనక వైపు ఏముందో చూడాలి. అక్కడ రాజు తల వంటి ఎత్తయిన బొమ్మ ఉంటే సగం సమాధానం దొరికినట్టే.

ఇది ఒకరిద్దరు పనివాళ్ల అజాగ్రత్త వల్ల వచ్చే దోషమైతే పెద్ద టంకశాలలు దానితో ఏళ్ల తరబడి కుస్తీ పట్టి ఉండేవి కావు. ఐదో జార్జి కాలపు బ్రిటిష్ కంచు పెన్నీ దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ. ఆ నాణెం వెడల్పుగా, పలుచగా ఉంటుంది. ఒకవైపు శిల్పి బెర్ట్రామ్ మెకెన్నల్ చెక్కిన రాజు తల దాదాపు నాణెమంతా ఆక్రమించి ఉంటుంది. రెండో వైపు బ్రిటన్ దేశానికి ప్రతీకగా కూర్చున్న స్త్రీమూర్తి బ్రిటానియా. రాజు తల అంత లోహాన్ని లాగేసుకునేసరికి బ్రిటానియా వైపు రాజు తల రూపురేఖ నీడలా పడేది. ఆ నీడ ఎవరో చెక్కినది కాదు, లోహం లోపలికి కుంగిన జాడ. దానిని పోగొట్టడానికి టంకశాలవారు 1926లో రాజు ముఖాన్ని కొంత మార్చారు. అదీ చాలక 1928లో తలను చిన్నది చేశారు. అప్పుడు గాని ఆ నీడ తగ్గలేదు. బొమ్మ చిన్నదైతే గాని బొరుసు తేటపడలేదన్న మాట.

అమెరికాలోనూ ఇదే కథ నడిచింది. 1907లో సెయింట్ గాడెన్స్ అనే శిల్పి ఇరవై డాలర్ల బంగారు నాణేనికి ఎంతో ఎత్తయిన బొమ్మను రూపొందించాడు. చూడటానికి అద్భుతమే గాని, వివరాలన్నీ నిండటానికి ఒక్కో నాణేన్ని మళ్లీ మళ్లీ కొట్టవలసి వచ్చేది. వేలు, లక్షలు తయారుచేయవలసిన చోట అది సాగే పని కాదు కాబట్టి బొమ్మ ఎత్తు తగ్గించి మామూలు వాడకానికి విడుదల చేశారు. 1921లో వచ్చిన శాంతి డాలరు కూడా ఎత్తయిన బొమ్మతోనే మొదలై, నడుమ భాగం సరిగా పడటం లేదని మరుసటి సంవత్సరమే చదునైపోయింది. శిల్పి అచ్చు మీద ఎంత అందం చెక్కినా అందులో బిళ్ల మోయగలిగినంతే నాణెం మీదికి వస్తుంది. నా దృష్టిలో నాణేల చరిత్రలో సగం ఈ రాజీ చరిత్రే.

ఇక మన నాణేల సంగతి. నేటి మన చిల్లర నాణేల్లో ఎక్కువ వాటిని 83 శాతం ఇనుము, 17 శాతం క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తున్నారు. వెండి, రాగి, రాగి నికెల్ మిశ్రమం కంటే ఈ లోహం గట్టిది. తొందరగా పాకదు, లోతైన గుంటల్లోకి దూరదు. ఒత్తిడి పెంచి దూర్చుదామంటే డైలు తొందరగా పగిలిపోతాయి. కాబట్టి బొమ్మలను ముందే తక్కువ ఎత్తుతో చెక్కుతారు, ఒత్తిడిని కూడా డై మన్నేంత మేరకే ఉంచుతారు. పాత వెండి రూపాయి మీద రాజు గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టగలిగిన కళ్లకు కొత్త రూపాయి నాణెం మీద సింహాల జూలు అంటుకుపోయినట్టు కనిపించడానికి కారణం ఇది. రెండు డైల మధ్య దూరం వెంట్రుక వాసి ఎక్కువగా అమర్చినా ఫలితం అలాంటిదే. డైలు ఎక్కువ కాలం మన్నుతాయి గాని నాణెం నడుమ భాగం పలచబడుతుంది. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ టంకశాల కొట్టిన వెండి డాలర్లలో చాలావాటి మీద స్త్రీమూర్తి చెవి పైన జుట్టు, వెనక వైపు గద్ద రొమ్ము మీది ఈకలు చదునుగా ఉండటం నాణేల వర్తకులందరికీ తెలిసినదే. ఆ డాలరు ఒక్కసారి కూడా చేతులు మారకుండా సంచిలో ఉండిపోయినదైనా సరే, ఆ ఈకలు ఉండవు.

పది రూపాయల నాణెంలో ఇంకో చిక్కు ఉంది. నడిమి బిళ్ల ఒక లోహం, బయటి వలయం మరొక లోహం. రెండూ విడివిడిగా తయారై, ఒకే దెబ్బకు అచ్చు పడటంతో పాటు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి కూడా. వాటి గట్టితనం వేరు. నడిమి బిళ్ల మందం కొద్దిగా తక్కువగా వచ్చినా, ఆ రెండూ కలిసే గీత దగ్గరి బొమ్మో అంకెలో పలుచబడతాయి. మన బజారులో ఎక్కువగా తిరస్కరణకు గురయ్యేది ఈ నాణెమే కావడం విచారకరం.

ఇంతవరకు చెప్పినదంతా రెండు ముఖాల మధ్య పంపకానికి సంబంధించినది. ఒక్క ముఖానికే పరిమితమైన కారణాలు వేరే ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనది గ్రీజు. యంత్రానికి పూసే గ్రీజు, లోహపు రజను కలిసి డై మీది గుంటల్లో పేరుకుని గట్టిపడితే, ఆ గుంటలోకి లోహం వెళ్లడానికి చోటుండదు. అప్పుడు ఒక అక్షరమో ఒక అంకో మాయమవుతుంది. దాని చుట్టూ ఉన్న భాగం మాత్రం కొత్త నాణెం మెరుపుతో తళతళలాడుతూ ఉంటుంది, వెనక వైపు కూడా చక్కగా ఉంటుంది. అరిగిన నాణేనికి ఆ మెరుపు ఉండదు. అరుగుదల ముందుగా ఎత్తయిన చోట్లను నున్నగా చేసి, తరువాత చదును భాగానికి దిగుతుంది గనుక, లోతైన మూలల్లో అక్షరం మాయమై ఎత్తయిన సింహం ముక్కు మాత్రం చెక్కుచెదరకుండా ఉండటం అరుగుదలకు సాధ్యం కాదు.

గ్రీజు వల్ల జరిగే ఒక తమాషాను ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అమాయకులు మోసపోయేది ఇక్కడే. మన నాణేల మీద సంవత్సరం కింద ఉండే చిన్న గుర్తును బట్టి అది ఏ టంకశాలదో తెలుస్తుంది. వజ్రం ఆకారం ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాదు, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. హైదరాబాదు డై మీది నక్షత్రపు గుంట గ్రీజుతో పూడిపోతే ఆ నాణెం గుర్తు లేకుండా బయటికి వస్తుంది. ఆ సంవత్సరంలో కోల్‌కతా నాణేలు తక్కువగా వచ్చాయని ఏ జాబితాలోనో ఉంటే, దానిని పట్టుకుని అరుదైన కోల్‌కతా నాణెమని అమ్మేస్తారు. అమెరికాలో 1922లో ఒక్క సెంటు నాణేలను డెన్వర్ టంకశాల మాత్రమే కొట్టింది. అయినా ఆ ఊరి గుర్తయిన డి అక్షరం లేని నాణేలు కొన్ని కనిపిస్తాయి. వేరే టంకశాల ఏదీ కొట్టలేదు కాబట్టి అక్షరం లేకపోవడానికి అరిగి, పూడిపోయిన డైలే కారణమని తేల్చారు. మనకు అంత సూటిగా తేల్చే వీలు ప్రతిసారీ ఉండదు. అందుకే సంవత్సరం కింద ఖాళీగా ఉన్న చోటును భూతద్దంతో చూసి, చుట్టుపక్కల అంకెలు కూడా పలుచగా ఉన్నాయా అని గమనించిన తరువాతే ధర మాట్లాడాలి.

డై అరిగిపోయినప్పుడు కూడా ఒక ముఖమే చెడుతుంది, ఎందుకంటే రెండు డైలూ ఒకేసారి మార్చాలన్న నియమం లేదు. అరిగిన డై కొట్టిన అక్షరాలు మాయం కావు గాని లావెక్కి, అంచు వైపు సాగినట్టు, తడి కాగితం మీద సిరాలా అలుక్కుపోయినట్టు ఉంటాయి. ఒకే డై నుంచి వచ్చిన నాణేలన్నింటి మీదా ఆ లక్షణం ఒకే చోట కనిపిస్తుంది. బ్యాంకు నుంచి కొత్త నాణేల సంచి తెచ్చుకునే వ్యాపారులు నాలుగైదు నాణేలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి వారికే అర్థమవుతుంది.

డైలు ఒకదానికొకటి సమంగా కాక కొద్దిగా ఒరిగి ఉన్నా, బిళ్ల ఒక పక్క పలుచగా ఉన్నా, బలహీనత నడుమ కాక ఒక అంచు దగ్గర వస్తుంది. దీనిలో తేడా ఏమిటంటే రెండు ముఖాల మీదా ఒకే అంచు దగ్గర మసక కనిపిస్తుంది. ఒకవైపు ఎక్కువ, మరోవైపు తక్కువగా ఉండటం వల్ల మనకు ఒకవైపే చెడినట్టు తోస్తుంది. అంచు మీద వేలు పెట్టి తిప్పితే గట్టు ఒకచోట మందంగా, ఎదురుగా సన్నంగా తగులుతుంది.

యంత్రాలు రాని కాలపు నాణేల విషయంలో ఈ చర్చ మా ప్రాంతానికి మరింత దగ్గరిది. మా ఊరికి సమీపంలోని శ్రీముఖలింగమే తూర్పు గాంగ వంశపు రాజుల పాత రాజధాని కళింగనగరమని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఆ గాంగుల బంగారు ఫణాలు అర గ్రాముకు అటూ ఇటూ తూగే చిన్ని నాణేలు, చిటికెన వేలి గోరు మీద కూర్చుంటాయి. ఒకవైపు పడుకున్న వృషభం, మరోవైపు స అక్షరం, దాని కింద రాజు పాలనా సంవత్సరాన్ని తెలిపే అంకె, అంకుశం, గొడ్డలి వంటి గుర్తులు ఉంటాయి. కింది అచ్చును దిమ్మెలో బిగించి, బిళ్లను దాని మీద ఉంచి, పై అచ్చును చేత్తో పట్టుకుని సుత్తితో కొట్టేవారు. కట్టు లేదు, కొలత లేదు. అచ్చు బిళ్ల కంటే పెద్దది కాబట్టి బొమ్మంతా బిళ్ల మీద పట్టదు. చేయి ఏ మాత్రం ఒరిగినా సుత్తి దెబ్బ ఒక పక్కకే తగిలి, ఎద్దు వెనక భాగం నిండుగా వచ్చి ముఖం రాదు. ఆ ఎద్దు ముఖం ఎవరి చేతుల్లోనూ అరగలేదు, అసలు ముద్రపడనే లేదు.

ఇందులో చరిత్రకు జరిగే నష్టం కూడా ఉంది. గాంగులు, వారి తరువాతి ఒడిశా రాజులు పాలనా సంవత్సరాలను అంకపద్ధతిలో లెక్కించేవారు. ఆ లెక్కలో 1 వదిలేస్తారు, 6తో ముగిసే అంకెలు వదిలేస్తారు, 10ని మాత్రం ఉంచి సున్నాతో ముగిసే మిగిలిన అంకెలు వదిలేస్తారు. ఆ ప్రకారం రాజు మొదటి సంవత్సరం 2వ అంకం అవుతుంది, ఐదో సంవత్సరం 7వ అంకం అవుతుంది. ఇంత చిత్రమైన లెక్కలో ఒక్క అంకె సగం మాత్రమే పడితే కాలనిర్ణయం ఎంత తారుమారవుతుందో ఊహించుకోవచ్చు. ఫణం మీద అంకె బలహీనంగా ఉంటే కొందరు అమ్మకందారులు దానిని పదునైన పరికరంతో గీకి స్పష్టం చేస్తారు. అది నాణేన్ని చంపడమే. మసకగా ఉన్నది మసకగానే ఉండనివ్వాలి. పొలం దున్నుతుండగా ఇలాంటివి దొరికితే కంసాలి దగ్గరికి పరుగెత్తకుండా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధినిక్షేపాల చట్టం చెబుతోందన్నది కూడా ఈ సందర్భంలో గుర్తుచేయడం అవసరమనుకుంటున్నాను.

సుత్తి దెబ్బకు ముందరి కథ కూడా ఒకటి ఉంది. గంజాం, పూరీ, మయూర్‌భంజ్ ప్రాంతాల్లో దొరికిన, పూరీ కుషాణ నాణేలని పిలిచే రాగి నాణేల్లో ఎక్కువ భాగం మూసలో పోసినవి. కుషాణ రాజుల నాణేన్ని చూసి మూస చేసి, ఆ మూస నుంచి వచ్చిన దానితో మళ్లీ మూస చేస్తూ పోతే తరం తరానికీ రూపం కరిగిపోతుంది. వాటి మీద నిలబడిన మూర్తి చేతులు కాళ్లు పుల్లల్లా కనిపించడానికి కారణం అచ్చు దెబ్బ తక్కువై కాదు. ఇక విద్ధాంక నాణేల సంగతి సరేసరి. వాటి మీద ఒకవైపే వరుసగా ముద్రలు కొట్టేవారు, రెండో వైపు ఖాళీగానో చిన్న గుర్తుతోనో వదిలేసేవారు. ఒకవైపు బోడిగా ఉందని వాటిని తిరస్కరించే సంపన్నుడు ఆ కాలంలో ఎవరూ ఉండి ఉండరు.

అరుగుదల వల్ల ఒకవైపు మాత్రమే చెడిన నాణేలు నిజంగానే ఉన్నాయి, వాటిని చూడాలంటే మా కొండ ప్రాంతంలోని సవరల ఇళ్లలో రూపాయి దండలు చూస్తే చాలు. విక్టోరియా, ఎడ్వర్డు, ఐదో జార్జిల వెండి రూపాయలకు కొక్కేలు అతికి, తాడుకు గుచ్చి మెడలో వేసుకుంటారు. ఒంటికి ఆనుకునే వైపు చెమట, బట్ట, చర్మం రాపిడికి ఏళ్ల తరబడి అరిగి గాజు పలకలా నున్నగా అవుతుంది. బయటికి కనిపించే వైపు రాజు ముఖం మాత్రం పొగరుగానే ఉంటుంది. కొక్కెం అతికిన చోట వేడికి రంగు కూడా మారుతుంది. ఇది అచ్చు దోషం కాదు, కేవలం అరుగుదల. గంజాం, పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి, పాత ఇళ్లలో ఈస్టిండియా కుంపెనీవారి రాగి కాసులు కూడా ఇంకా కనిపిస్తాయి. 1803లోనూ 1808లోనూ బర్మింగ్‌హామ్‌లో ఆవిరి యంత్రం మీద కొట్టి ఓడల్లో పంపిన నాణేలవి. ఒకవైపు సింహాల చిహ్నం, మరోవైపు పారసీ అక్షరాలు. వాటిలో అరిగినవే ఎక్కువ.

అరిగినదానికీ అచ్చు సరిగా పడనిదానికీ తేడా కంటితో తెలియకపోతే తక్కెడ చెబుతుంది. వెండి రూపాయి తూకం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అరిగిన రూపాయి ఎంతోకొంత తూకం తగ్గుతుంది, ఎందుకంటే పోయిన బొమ్మ లోహంతో సహా పోయింది. అచ్చు బలహీనంగా పడిన రూపాయిలో లోహం ఎక్కడికీ పోలేదు, బొమ్మలోకి చేరవలసింది చేరక చదునులోనే ఉండిపోయింది కనుక తూకం పూర్తిగా ఉంటుంది. మా బజారులో వెండి రూపాయి అమ్మడానికి వెళ్లినవారికి, ముఖం చదునుగా ఉందన్న సాకుతో, తూకం వేయకుండానే "అరిగింది" అని తక్కువ ధర కట్టే అలవాటు ఉంది. తూకం వేయించుకోండి, వేశాకే బేరమాడండి అని వారికి చెప్పదలచుకున్నాను. అలాగే అచ్చు సరిగా పడని చోట, బిళ్ల కత్తిరించినప్పటి సన్నని గీతలు, గరుకు అలాగే మిగిలిపోతాయి. అరిగిన చోట అవి ఉండవు, వేలు జారిపోతుంది.

నేటి చట్టం కూడా తూకాన్నే చూస్తుంది. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై నాణేలు వెయ్యి రూపాయల మొత్తం వరకు చెల్లింపుకు చట్టబద్ధమైనవి. దానికి పెట్టిన షరతులు రెండే. నాణేన్ని ఎవరూ కావాలని చెరిపి ఉండకూడదు, నిర్ణీత తూకం కంటే తగ్గి ఉండకూడదు. బొమ్మ రెండు వైపులా ఒకే స్పష్టతతో ఉండాలన్న షరతు అందులో ఎక్కడా లేదు. రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో పది రూపాయల నాణేలు అప్పటికి 14 రకాల రూపాల్లో వచ్చాయని, అన్నీ చెల్లుతాయని ప్రకటించింది. 14440 నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే అదే సంగతి వినిపించే ఏర్పాటు కూడా చేసింది. రూపాయి గుర్తు లేనిది నకిలీ అన్న వదంతికి ఆ ప్రకటనతోనే తెరపడవలసింది, కానీ పడలేదు. బ్యాంకులు చిల్లర నాణేలను తూకం వేసి కూడా తీసుకోవచ్చని, నూరేసి నాణేలు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఇస్తే సౌకర్యమని రిజర్వు బ్యాంకే చెప్పింది. సింహం ముక్కు ఎలా ఉందో చూసి తీసుకోమని చెప్పలేదు.

నకిలీ నాణేలు లేవని నేను అనడం లేదు. వాటిని తయారుచేసి పట్టుబడినవారు ఉన్నారు. కానీ నకిలీదానికి ఉండే లక్షణాలు వేరు. అక్షరాల ఆకారమే తేడాగా ఉంటుంది, రెండు వైపులా సబ్బు ముక్క మీద చెక్కినట్టు మెత్తగా ఉంటుంది, చదును మీద సూదిమొన గుంటలుంటాయి, పది రూపాయల నాణెంలో నడిమి బిళ్లకూ వలయానికీ మధ్య సందు కనిపిస్తుంది, తూకం కుదరదు. 2011లో మొదలైన రకం పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్ల వెడల్పు, 7.71 గ్రాముల బరువు. బంగారం కొట్టులో ఉండే చిన్న తూకం యంత్రం ఈ సందేహాన్ని క్షణంలో తీరుస్తుంది. ఒక ముఖం తేటగా ఉండి, రెండో ముఖం మీద ఒక్క చోటే మసక ఉండి, తూకం సరిపోయిందంటే అది టంకశాలలోనే అలా పుట్టిందని దాదాపుగా నిశ్చయించుకోవచ్చు.

అలా పుట్టినంత మాత్రాన దానికి వేల రూపాయల విలువ కూడా రాదు. బలహీనంగా అచ్చుపడిన నాణేలు ఏ దేశపు వాడకంలోనైనా కోకొల్లలు. సేకరించేవారు నిండుగా అచ్చుపడిన నాణేనికే ఎక్కువ ఇస్తారు, పలుచగా పడినదానికి తక్కువ ఇస్తారు. అచ్చు తప్పిన నాణెమని విలువ కట్టేది వేరే రకాలకు, అంటే బొమ్మ పూర్తిగా పక్కకు జరిగినవి, ఒక ముఖం అసలు పడనివి, వేరే నాణెపు బిళ్ల మీద కొట్టినవి వంటివాటికి. తన పేరు వాడుకుని పాత నాణేలు, నోట్లు కొంటామని చెప్పి ఫీజులు, పన్నులు వసూలు చేసే మోసగాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

మీ పత్రిక ద్వారా నేను కోరేది రెండు విషయాలు. పర్లాకిమిడి, పాతపట్నం, గుణుపురం, బరంపురం వంటి చోట్ల చిల్లర వ్యాపారుల్లో తెలుగు చదివేవారు ఎందరో ఉన్నారు. నాణేలు తీసుకోవాలన్న నోటీసును బ్యాంకు శాఖలు ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ పెట్టాలి. అలాగే మీ పత్రిక అనుబంధంలో పది రూపాయల నాణెం రెండు ముఖాలను పెద్దవిగా ముద్రించి, అరిగినది, గ్రీజు పూడిన డై నుంచి వచ్చినది, నకిలీది పక్కపక్కన చూపించగలిగితే మా వర్తక సంఘంవారు ఆ పుటను కత్తిరించి కొట్లలో అంటిస్తామని చెప్పారు. ఫొటోలు తీయడానికి అవసరమైన నాణేలు, నకిలీది తప్ప, నా దగ్గర ఉన్నాయి. మీ విలేకరి వస్తే సంతోషంగా చూపిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
నాణేలు సేకరించే ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా